మొరబొమ్మ పరికిణీ

చేట పైకి లేచినప్పుడల్లా సామలు గాలిలో ఒక్క క్షణం పరుచుకుని, మళ్లీ జలజలమంటూ చేటలోకే రాలుతున్నాయి. ఊక మాత్రం ఎటు పోవాలో తోచనట్టు కాసేపు ఊగి, గుమ్మం దాటి వాకిట్లోకి ఎగిరిపోతోంది. చెంగల్వ చెరుగుతోందన్న మాటే గాని ఆమె చూపు చేట మీద లేదు. ఎదురుగా చాప మీద కూర్చున్న బంగారవ్వ ఒడిలోని పరికిణీ మీద ఉంది.

అది మనిషి కట్టుకునే పరికిణీ కాదు. మూరెడు పొడవున్న కొయ్యబొమ్మ కోసం కుడుతున్నది. నెమలికంఠం రంగు పట్టు, దాని చుట్టూ కుంకుమరంగు అంచు, అంచు చుట్టూ జరీ, జరీ చుట్టూ మళ్లీ కుచ్చులు. విప్పి పరిస్తే చేటను కప్పేసేంత వెడల్పు.

"ఇంకా ఒక వరస కుచ్చులు వేస్తాను," అంది బంగారవ్వ సూదిలో దారం ఎక్కిస్తూ. "మన సెట్టికి ఏ లోటూ జరగకూడదు. నా చేతి సంకటి తిని, ఇంత రుచి ఏ రాజు నోటికీ అంది ఉండదన్నాడే, పిచ్చి నాయన!"

"అతనికి ఆకలేస్తే అన్నీ రుచే అవ్వా."

"నోర్ముయ్యవే. నువ్వు వండినదానికి ఒక్కనాడైనా అన్నాడా ఆ మాట?"

చెంగల్వ నవ్వబోయి ఆగిపోయింది. పొద్దు నడినెత్తికి వస్తే గద్దముక్కు బండ మీద తీర్పు. ఆ లోపు ఏదో ఒకటి చేయాలి. ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు.

గరుడశిల రాజ్యంలో నేరం మోపితే తీర్పు చెప్పేది రాజు కాదు, నేలతల్లి. కొండ కొమ్మున గద్దముక్కులా ముందుకు వంగిన బండ మీద నుంచి రెండు బొమ్మలను ఒక్కసారే వదులుతారు. నేరం మోపినవాడి బొమ్మ నిందబొమ్మ. మోయవలసినవాడి బొమ్మ మొరబొమ్మ. రెండూ ఒకే మాను కొయ్యతో ఒకే చేయి చెక్కినవి. వాటిని త్రాసులో పెట్టి ఊరందరికీ చూపిస్తారు కూడా. నేలతల్లి ఏ బొమ్మను ముందు ఒళ్లోకి తీసుకుంటే ఆ పక్షానిదే నిజం. మొరబొమ్మ వెనకబడితే ఆ మనిషిని కూడా అదే బండ మీద నుంచి తోసేస్తారు.

నిందబొమ్మ తల్లిని అడిగేదేమీ లేదు కాబట్టి దాన్ని చెక్కింది చెక్కినట్టే వదులుతారు. మొరబొమ్మ తల్లిని వేడుకోవడానికి వెళ్లేది. కాబట్టి ఆ మనిషికి నీడనిచ్చిన ఇంటి ఆడవాళ్లు దానికి బట్ట కట్టి, ఆ ఇంటి పెద్దావిడ స్వయంగా బండ దగ్గరికి మోసుకెళ్లాలి. ఎంత ప్రేమ ఉంటే అంత వెడల్పు పరికిణీ. పట్టు బరువుకు త్రాసులో మొరబొమ్మ పళ్లెమే కాస్త కిందికి దిగేది. అయినా చెంగల్వకు ఊహ తెలిశాక మొరబొమ్మ ముందు పడిన తీర్పు ఒక్కటీ లేదు. ఓడిపోయిన ఇంటి ఆడవాళ్లు తలలు బాదుకుంటూ, అలంకారం చాలలేదు కాబోలు అని ఏడ్చేవారు. ఆ తరువాతివాళ్లు ఇంకా పెద్ద పరికిణీ కుట్టేవారు.

ఈసారి ఆ బండ మీద ఉన్నవాడు గాజుల సెట్టి అని ఊరంతా అనుకుంటోంది. అతడు మకరందపుర యువరాజు జయంతకుడని చెంగల్వ ఒక్కతెకే తెలుసు. అతని చెల్లెలు మాధవికను కరాళుడనే మాంత్రికుడు గోరువంకగా మార్చి, ఈ రాజ్యంలోని తన మేడలో పంజరంలో పెట్టుకున్నాడు. ఆమెను వెతుక్కుంటూ గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చిన యువరాజు బంగారవ్వ ఇంటి వసారాలో బస చేశాడు. నిన్న ఆ మేడలోకి గాజులు పట్టుకెళ్లాడు. పంజరంలోని పక్షి అతన్ని చూసి "అన్నా!" అంది. అంతే, మలారం అక్కడే పారేసి పంజరం తలుపు మీద చేయి వేశాడు. భటులు ఆ చేయి పట్టుకున్నారు. కరాళ గురువుగారి పక్షిని దొంగిలించబోయాడని నేరం.

"అవ్వా," అంది చెంగల్వ చేట దించి, "ఊక ఎగిరిపోతుంది, గింజ పడిపోతుంది. బరువైనదే కదా ముందు పడేది?"

"ఇప్పుడు తెలిసిందా తల్లీ?"

"అయితే పరికిణీ మాట అలా ఉంచు. బొమ్మ కడుపు తొలిచి సీసం పోసేద్దాం. త్రాసులో మన పళ్లెం దిగితే ఎవరూ కాదనరుగా."

బంగారవ్వకు ఆ ఆలోచన నచ్చింది. కాని చెంగల్వకు ఏ పనైనా ఒకసారి చేసి చూడందే నమ్మకం కుదరదు. నిచ్చెనెక్కి అటక మీదికి రుబ్బురోటి పొత్రం చేర్చింది. దాని పక్కనే గోలీ అంత గులకరాయి పెట్టింది. కింద పొత్రం పడేచోట పాత తలుపు చెక్క, గులకరాయి పడేచోట కంచుపళ్లెం బోర్లించింది.

"నువ్వు అటు తిరిగి కూర్చో అవ్వా. చూడకు, విను. ఏది ముందు మోగిందో చెప్పు."

రోకలి అడ్డంగా పెట్టి రెండింటినీ ఒక్కసారే తోసింది. ధన్నుమనే మోత, ఠంగుమనే మోత కలిసిపోయి ఇల్లు అదిరింది. చూరులో పిచ్చుకలు లేచిపోయాయి.

"ఏమే, రెండూ కలిసే పడ్డాయి కదే!" అంది అవ్వ చెవిలో వేలు తిప్పుకుంటూ.

మళ్లీ పైకెక్కింది. మళ్లీ తోసింది. ఇనుప గుద్దలిని, మేకును తోసింది. గుమ్మడికాయనూ తోసింది. అది పగిలింది గాని ముందు పడలేదు.

"మధ్యాహ్నానికి పులుసు పెట్టుకోవచ్చులే," అని అవ్వ ముక్కలు ఏరుకుంది. "మరి సీసం పోసి ఏం లాభమే?"

"ఏమీ లాభం లేదు," అంది చెంగల్వ నిచ్చెన మీదే కూలబడి. బరువు కాదు. బరువే కాకపోతే ఊక ఎందుకు ఎగురుతోంది? నిందబొమ్మ ఎందుకు గెలుస్తోంది? ఆ బండనూ ఆ బొమ్మనూ దగ్గరగా చూడాలి.

కాసేపటికి ఆ ఇంటి పెరటి తలుపులోంచి ఒక గూని ముసలిది బయటికి వచ్చింది. తలనిండా కొబ్బరిపీచు జుట్టు, ముఖాన బూడిద, భుజాల చుట్టూ తెల్లని దుప్పటి, చంకలో పూలబుట్ట. చెంగల్వను పెంచిన అవ్వే ఆమెను చూసి, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగి, తరువాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గద్దముక్కు బండ చూడవలసిన చోటు. అక్కడ కొండ హఠాత్తుగా ఆగిపోతుంది, ఆకాశం మొదలవుతుంది. కింద లోయలో తెలియేరు జారిపోయిన వెండి మొలతాడులా మెరుస్తూ ఉంటుంది. బండ అంచులకు నీలి గడ్డిపూలు, పగుళ్లలో తేనెపట్లు, గాలికి జివ్వున పాడే సన్నని ఇనుప గొలుసులు. ఆ గొలుసులకే ఒక పంజరం. అందులో మోకాళ్లు ముడుచుకుని, లోయను ఏదో సంతబజారులా చూస్తూ జయంతకుడు కూర్చున్నాడు.

"ఏయ్ ముసలమ్మా! ఎక్కడికి?" అని కాపలా తిప్పడు ఈటె అడ్డం పెట్టాడు.

"చచ్చేవాడికి నాలుగు పూలిచ్చి పోదామని నాయనా. పుణ్యం."

"ఇచ్చి పో. లోపలికి దూరమాకు, గొలుసు తెగుద్ది."

చెంగల్వ కమ్మీల మధ్య నుంచి పూలు అందించింది. యువరాజు చూపు ముందు పూల మీద, తరువాత చేతి మీద పడింది. ఆ చేతికి ముత్యాలరంగు గాజులున్నాయి. అతను వెల పుచ్చుకోకుండా తొడిగినవి.

"అవ్వా," అన్నాడు మెల్లగా, "ఆ గాజులు నీ వయసుకు నప్పలేదే?"

"తొడిగినవాడికి కళ్లు కనబడలేదు నాయనా. ఏం చేసేది?"

"కళ్లు కనబడబట్టే తొడిగాడు."

బూడిద కింద చెంగల్వ బుగ్గలు వేడెక్కాయి. "సరసాలు చాల్లే. తిన్నావా?"

"లేదు. అవ్వ సంకటి గుర్తొస్తోంది." అతను కమ్మీ దగ్గరికి జరిగాడు. "చెంగల్వా, నాకేమైనా అయితే మాధవికను నువ్వు..."

"నీకేమీ కాదు. నిందబొమ్మ ఎక్కడుంది?"

అతను కనుబొమలతో చూపించాడు. బండ నడుమ రాతిపీఠం మీద నిందబొమ్మ నిలబడి ఉంది. నున్నగా, బోడిగా, రోకలిలా. ఏ మంత్రపు రేఖా లేదు, ఏ రంగూ లేదు. చెంగల్వ దాన్ని తేరిపార చూస్తుండగానే గొలుసులు పాడటం మానేశాయి. కరాళుడు వచ్చాడు. పొగరంగు అంగీ, మొలలో ఎముకల వడ్డాణం, భుజం మీద గొర్రెపిల్లంత గద్ద.

"గాజుల సెట్టీ!" అన్నాడు చాలా ప్రేమగా. "నీ బొమ్మ పరికిణీ ఎంతవరకు వచ్చింది? ఆ ముసలావిడను తొందరపడొద్దని చెప్పించాను. కుచ్చులు ఎన్నైనా పెట్టుకోవచ్చు. బాగా వెడల్పుగా కుట్టమన్నాను."

ఆ మాట చెంగల్వ చెవిలో ముల్లులా దిగింది. చంపదలచినవాడికి పరికిణీ వెడల్పుతో ఏం పని?

ఆమె తల ఎత్తడం, గద్ద ఎగరడం ఒక్కసారే జరిగాయి. గోళ్ల విసురుకు కొబ్బరిపీచు జుట్టు ఊడి గాలిలో లేచింది. కింద నుంచి నల్లని జడ పాములా జారి నడుము మీద పడింది.

"ఓరి దీని దుంప తెగ! ముసలిది పడుచుదైపోయింది!" అని తిప్పడు కేకపెట్టాడు.

"పట్టుకోండి!" అన్నాడు కరాళుడు.

చెంగల్వ బుట్ట విసిరికొట్టింది. పూలు తిప్పడి మొహం నిండా పడ్డాయి. ఆమె పంజరం కిందుగా దూరి, గొలుసు పట్టుకుని బండకు అవతలి పక్కకు ఊగింది. వెనక ఈటెలు రాతికి తగిలి నిప్పురవ్వలు రాలాయి. ముందు దారి లేదు, లోయ ఉంది. బండ అంచు కింద తేనెపట్టున్న ఒక పగులు మాత్రం మనిషి పట్టేంత కనిపించింది. ఆమె భుజాల మీది తెల్లని దుప్పటిని లాగి, ఉండగా చుట్టి, గట్టిగా ముడివేసి, "అమ్మో!" అని కొండ దద్దరిల్లేలా అరిచి, ఉండను లోయలోకి విసిరేసి, తాను పగుల్లోకి జారింది.

"దూకేసింది రోయ్!"

భటులు అంచుకు పరుగెత్తారు. తెల్లని ఉండ రాయిలా పోతోంది. పోతోంది, పోతోంది... ఇంకాస్తలో ఏట్లో పడుతుందనగా ముడి వీడింది. దుప్పటి ఒక్కసారిగా విచ్చుకుంది. విచ్చుకోగానే ఎవరో పైనుంచి కొంగు పట్టి ఆపినట్టు ఆగినంత పనైంది. తరువాత అటూ ఇటూ ఊగుతూ, తీరిగ్గా, పల్లకిలో పెళ్లికూతురిలా దిగసాగింది. గద్ద దాని వెంటపడి పోయింది. భటులు, కరాళుడు దానివెనకే కొండదారి పట్టారు.

తేనెటీగలు చెవుల చుట్టూ గీపెడుతున్నా చెంగల్వ కదల్లేదు. కళ్లింత చేసుకుని ఆ దుప్పటినే చూస్తోంది. అదే దుప్పటి. పోగు పెరగలేదు, పోగు తరగలేదు. ముడిచి ఉన్నంతసేపూ రాయి, విప్పుకోగానే ఊక!

ఆమె ఎటు పోయిందో కనబడక జయంతకుడు పంజరంలో లేచి నిలబడి "చెంగల్వా!" అని పిలిచాడు. పగుల్లోంచి ముత్యాలరంగు గాజుల చేయి ఒకటి బయటికి వచ్చి, అతనికి కనబడేలా రెండుసార్లు ఊగి, మళ్లీ లోపలికి పోయింది. అతను కూలబడి, కమ్మీలకు తల ఆనించి నవ్వాడు.

చెంగల్వ ఇల్లు చేరేసరికి పైట చిరిగింది, పెదవి మీద తేనెటీగ కుట్టి ఉబ్బింది. బంగారవ్వ చివరి కుచ్చు ముడివేసి దారం కొరుకుతోంది. బొమ్మ ఒంటి మీద పరికిణీ పురివిప్పిన నెమలిలా ఉంది.

"ఎలా ఉందే? నా పెళ్లిచీర తల్లీ ఇది. పెట్టెలో పెట్టుకుని ఏం చేసుకుంటాను? ఓసి, మూతికేమైంది?"

"అవ్వా, బొమ్మ ఇలా ఇయ్యి. అటు తిరిగి కూర్చో."

"మళ్లీనా? గుమ్మడికాయలు లేవు."

చెంగల్వ అటక ఎక్కింది. పరికిణీ కట్టిన బొమ్మ తలుపు చెక్క వైపు, అవ్వ పచ్చడి రోకలి కంచుపళ్లెం వైపు. ఒక్కసారే వదిలింది.

ఠంగు. ఆ తరువాత, ఊపిరి తీసి వదిలేంత సేపటికి, ధన్.

"రెండు మోతలు," అంది అవ్వ.

చెంగల్వ దిగి, పరికిణీని బొమ్మ కాళ్లకు గట్టిగా చుట్టి, దారంతో కట్టి, మళ్లీ ఎక్కి వదిలింది. ఠంగుధన్. ఒకటే మోత.

"గాలి అవ్వా! చేట వెల్లకిలా పడేస్తే తూలుతూ పడుతుంది, అంచు మీదుగా వదిలితే సూటిగా పడుతుంది, నువ్వు చూళ్లేదూ? పరుచుకున్నదాన్ని గాలి కింద నుంచి చేతులు పెట్టి మోస్తుంది. బరువెంతన్నది కాదు, ఎంత వెడల్పున గాలికి దొరికాం అన్నది. ఆ కరాళుడికి ఇది తెలుసు. ఏ మంత్రమూ లేదు. మనచేత పరికిణీ కుట్టించడమే వాడి మంత్రం."

ఆమె ఆయాసపడుతూ, ఉబ్బిన పెదవితో నవ్వుతూ చెప్పింది. బంగారవ్వ నవ్వలేదు. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని బొమ్మ వంక చూస్తోంది.

"అదే గుడ్డ," అంది. "అదే బొమ్మ."

"అవునవ్వా."

"విప్పి ఉంటే ఆలస్యం. చుడితే లేదు."

"అవును."

"ఇంకా వెడల్పుంటే ఇంకా ఆలస్యమా?"

"ఇంకా ఆలస్యం. ఎందుకు?"

"మీ తాత తేనెకు పోయి జారిపడ్డాడని చెప్పాను కదూ నీకు," అంది బంగారవ్వ. "జారిపడలేదే. ఆ బండ మీద నుంచి తోశారు. మీ తాత బొమ్మకు నేను కుట్టిన పరికిణీ దీనికి రెండింతలు. వీధివీధంతా వచ్చి చూసి పోయారు. ఇంత ప్రేమ ఏ పెళ్లాం చూపించిందన్నారు."

చెంగల్వ నోటి మీది నవ్వు అలాగే ఆగిపోయింది. వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. ఆమె అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సూదిపోట్లతో ఆ వేళ్లు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. అవ్వ రెండో చేత్తో మనవరాలి ఉబ్బిన పెదవిని మెల్లగా తడిమింది. "సున్నం రాసుకో, తగ్గుద్ది," అంది.

అప్పుడే కొండ మీద శంఖం మోగింది. ఆ వెంటే వాకిట్లో గుర్రపు డెక్కలు.

"అటక మీదికి పో," అని అవ్వ ఆమెను తోసింది.

చెంగల్వ నిచ్చెన పైకి లాగేసుకుని, సామల బస్తాల వెనక బోర్లా పడుకుంది. తిప్పడు గుమ్మంలో నిలబడ్డాడు. వాడి జుట్టులో ఇంకా రెండు బంతిరేకులున్నాయి.

"అవ్వా! పొద్దు నెత్తికొచ్చింది. బొమ్మ తే. ఇంకో సంగతి, నీ మనవరాలెక్కడ? గురువుగారు చూడాలంటున్నారు. ఒక పూలమ్మి మా చేతుల్లోంచి జారిపోయింది. దుప్పటి చూస్తే ఈ ఇంటిదే అంటున్నారు."

బంగారవ్వ చాప మీద కూర్చునే బొమ్మను ఒళ్లో పెట్టుకుంది. కత్తెర తీసి కుచ్చులన్నీ ఒక్కొక్కటిగా కోసేసింది. జరీ అంచు కోసేసింది. మిగిలిన నెమలికంఠం పట్టును బొమ్మ చుట్టూ బిగించి చుట్టింది. పురిటింట్లో మంత్రసాని అప్పుడే పుట్టిన బిడ్డను చుట్టినట్టు, చేతులు కాళ్లు కదలకుండా, మెడ దగ్గర నుంచి పాదాల దాకా చుట్టి ముడివేసింది.

"అదేంటవ్వా? పాడుచేస్తున్నావేంటి? పరికిణీ ఏదీ?" అన్నాడు తిప్పడు నోరెళ్లబెట్టి. "ఊరంతా చూడ్డానికొచ్చి కూర్చున్నారు. ఇట్టా బోడిగా తీసుకెళ్తే తల్లికి కోపమొస్తది. ఆ సెట్టి మీద నీకు ప్రేమే లేదంటారు!"

అవ్వ లేచింది. కొంగు బిగించి నడుముకు చెక్కుకుంది. బొమ్మను తల మీద పెట్టుకోలేదు, భుజానికి ఆనించి ఎత్తుకుంది.

వాకిలి మీద ఒక పెద్ద నీడ రెక్కలు చాచి గిర్రున తిరిగింది. కరాళుడి గద్ద లోయలోంచి తిరిగి వచ్చి ఇంటికప్పు మీద వాలింది. అటక మీద చెంగల్వ తలకు జానెడు ఎత్తులో దాని గోళ్లు గరగరా గీరాయి. ఆమె పిడికిలి నోట్లో కుక్కుకుని, బస్తాల సందులోంచి చూస్తోంది. అవ్వ ఒక్కసారి తలెత్తితే చాలు, తిప్పడి చూపు కూడా ఇటే వస్తుంది.

అవ్వ తలెత్తలేదు. తిప్పణ్ణి పక్కకు జరగమని కూడా అనలేదు. వాడే ఎందుకో జరిగాడు. కోసిపడేసిన జరీ కుచ్చుల మీదుగా నడిచి, గడప దాటి, ఎండలో కొండదారి పట్టి ఆమె వెళ్లిపోయింది.